జొన్నల గుమ్మిలో నాజిళ్లు

మా ఆయన పోయాక పొలం నా పేరు మీదికి మార్పించుకోవడానికే తహసీల్దారు ఆఫీసు చుట్టూ చాలా తిరిగాను. చెప్పులు అరుగుతాయని బస్సు దిగాక చేత పట్టుకుని నడిచేదాన్ని. పాసుపుస్తకం చేతికొచ్చాకే సబ్సిడీ తుంపర్ల పైపులకు దరఖాస్తు పెట్టాను. పాసుపుస్తకం నకలు, పహాణీ, ఫొటో, నా వాటాకు బ్యాంకులో తీసిన డీడీ అన్నీ ఒకే సంచిలో వేసుకుని నారాయణఖేడ్ వెళ్లాను. ఒక్క కాగితం తక్కువైనా మళ్లీ బస్సు చార్జీ దండగ.

మాది మనూర్ వైపు నల్లరేగడి. బోరులో నీళ్లు తక్కువ. కాలువ కట్టి వదిలితే మొదటి సాళ్లలోనే నెర్రెలు మింగేసేవి. ఆ ఏడు శనగ గింజ కట్టే వేళకు ఒక తడి అందాలంటే ఆ పైపులే దిక్కు.

పైపులు వచ్చాయి. కానీ అవి నీళ్లు చిమ్ముతుండగా సబ్సిడీ ఆఫీసు సారు వచ్చి చూసి ఫొటో తీస్తేనే సబ్సిడీ ఖాయం. లేదంటే డీలరు పట్టుకుపోతాడు.

దొంగల భయానికి మా దగ్గర ఇత్తడిని రాత్రి పొలంలో వదలరు. అందరూ పైపుల తలన నీళ్లు చిమ్మే ఇత్తడి నాజిళ్లు విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. నేను తడి పెట్టేదాకా వాటితో పనేమని, ఇంట్లో జొన్నలు పోసుకునే నిలువెత్తు వెదురు గుమ్మిలో అడుగున పూడ్చిపెట్టాను.

సారు చెప్పకుండానే వచ్చాడు, మధ్యాహ్నం, కరెంటు పోయే వేళకు ముందు.

"గీ పైపులకు తలకాయలేవమ్మా? అమ్ముకున్నవా?"

ఆ మాటకు నాకు కాలింది. "అమ్ముకునెటందుకా గిన్ని తిప్పలు వడ్డది? ఇంట్ల ఉన్నయి, తెప్పిస్త."

"నాకింక రెండూర్లున్నయి. వాడుతలేరని రాసుకపోత. మల్ల పెట్టుకో దరఖాస్తు."

"మల్లంటే శనగ ఆగుతదా?" అంటూ అతని బండి ముందు కూర్చున్నాను. "గుమ్మి కూలగొట్టన్న తే పో" అని కోడలిని ఉరికించాను.

"గుమ్మిల వెట్టినవా? మొలుస్తయనుకున్నవా?" అని సారు నవ్వాడు.

ఒక శనగ చెట్టు పీకి ఇచ్చాను. కాయలు ఒలుచుకు తింటూ ఇంకొకటి అడిగాడు.

"ఫొటో తీసినంక" అన్నాను.

కోడలు తల నిండా జొన్న పొట్టుతో, కొంగులో నాజిళ్లతో వచ్చింది. ఇద్దరం బిగించి మోటారు వేశాం. అన్నీ తిరిగాయి, గట్టు పక్కది తప్ప. సారు గడియారం చూసుకుంటున్నాడు. తుమ్మ ముల్లు విరిచి దాని మూతిలో పొడిచాను. ఓ జొన్న గింజ బయటికి ఎగిరిపడింది, వెనకే నీళ్లు నా ముఖాన కొట్టాయి.

"గట్లనే నిలవడు. జర నవ్వు."

"నవ్వుతే సబ్సిడీ ఎక్కువిస్తరా?"

ఫొటో తీసి, అక్కడే బండి సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. ఇంకో చెట్టు పీకి ఇచ్చాను. మాటంటే మాటే. కరెంటు పోయేదాకా మోటారు ఆపలేదు. నెర్రెలు మూసుకుంటుంటే గట్టు మీదే నిలబడి చూశాను.

ఇంటికెళితే అర్రంతా జొన్నలే. గింజ మిగలకుండా ఎత్తించాను. నాజిళ్లు సంచిలో కట్టి తలకింద పెట్టుకున్నాను.

"మెడ వట్టుతది అత్తమ్మా" అంది కోడలు.

"పట్టనీ. పొద్దుగాల ఇంకో దిక్కు తడి పెట్టాలె, పండుకో."