కొండ మీద పరిచిన దారం

మేష్టారు పోయిన కబురు మాకు పూర్ణా మార్కెట్ నుంచి చేపల గంపతో పాటు వచ్చింది. గంప దించుతూనే చేపలమ్మి, "నేపాలు మేస్టారు ఎల్లిపోనారంటమ్మా, పెద్దాసుపత్రిలో, తెల్లారగట్ల. ఆయాసం ఎక్కువైపోనాదంట" అంది. మా అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట మేం చేపలు కొనలేదు.

ఆయన నేపాలువారేం కారు. విశాఖ పాతూరులో పుట్టి, ఇక్కడే బళ్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి, మా పక్కింటివారు. పొద్దున చర్చికి వెళ్లొచ్చేవారు, సాయంత్రం నేపాలు కొండల్లోని ముక్తినాథ్ యాత్రకు బయల్దేరే హిందువులకు పాఠం చెప్పేవారు. "మీ దేవుడు కాడు కదా, మీకెందుకండీ ఈ తాపత్రయం?" అని ఎవరో అడిగితే, "దేవుడు మీవాడే. దేశం మాత్రం నా సబ్జెక్టు" అన్నారు.

పాఠమంటే నల్లబల్ల పాఠం కాదు. బీచి నుంచి తెచ్చిన ఇసుకను తమ ఇంటి పెరట్లో పోసి, తడిపి, అరచేతులతో కొండలు లేపేవారు. కత్తిపీట అంచుతో గండకీ నది లోయ గీసేవారు. నీళ్లు పోసే పని మా అమ్మది. ఆయన చెప్పింది స్టెన్సిలు మీద టైపు చేసి కాపీలు తీసే పని, పోర్టు ఆఫీసులో టైపిస్టుని కనుక, నాది. ఆ లోయలో మధ్యాహ్నానికి గాలి లేచి ఇసుక కళ్లలో కొడుతుంది, కాబట్టి పెందలాడే నడవాలి. మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఎదురైతే కుడిచేతి వైపు ఉంచుకుని పోవాలి, మన ప్రదక్షిణలాగే. ఒకప్పుడు అక్కడ లోయకో రాజు. పైవాళ్లు ఉప్పు దించితే కిందివాళ్లు ధాన్యం ఎక్కించేవారు. ఇదంతా వింటున్న అమ్మ ఒకసారి ఊరుకోలేక, "మా పద్మనాభం ఊళ్లోనూ వడ్లిచ్చే ఉప్పు తీసుకునేవోళ్లం మేష్టారూ!" అంది. "అదే తల్లీ, మనకి ఉప్పు సముద్రం నుంచి ఎక్కుతుంది, వాళ్లకి కొండ మీంచి దిగుతుంది. తినే నాలుక ఒక్కటే" అన్నారు ఆయన. అమ్మకి ఆ దేశం అప్పుడే చుట్టాలిల్లయిపోయింది.

ఇన్ని తెలిసిన మనిషి ఆ దేశంలో ఒక్కసారీ కాలు పెట్టలేదు. అంతా పుస్తకాల్లో చదివిందీ, మార్కెట్టు దగ్గర కాపలా కాసే గూర్ఖాని అడిగి తెలుసుకున్నదీ.

దూరాలు మాత్రం దారంతో కొలిచేవారు. ఆయన తండ్రి రేవులో పడవ నడిపే సరంగు. సముద్రపు పటం మీద దారం పరిచి, ఈ రేవు నుంచి ఆ రేవుకి ఎంతో లెక్కగట్టడం చిన్నప్పుడే నేర్పాడట. అమ్మ పూలు కట్టుకునే దారం అడిగి తీసుకుని, నేపాలు పటం మీద పరిచి, "పోఖరా దాటాక ఈ కొండ ఒక్క రోజు దారి. పొద్దుటే బయల్దేరితే సాయంత్రానికి అవతల ఊళ్లో ఉంటారు" అని చెప్పారు. పటం మీద అది బెత్తెడు కూడా లేదు. నేనూ అలాగే టైపు చేశాను.

నాన్న పోయిన ఏడాది తర్వాత అమ్మ మొక్కు తీర్చుకోవడానికి ఇంకో అయిదుగురితో వెళ్లింది. ఆ ఒక్క రోజు దారి నిజానికి రెండు రోజులది. మెట్టు మీద మెట్టు, అంతూ దరీ లేదు. సగం కొండెక్కేసరికి పొద్దు గూకిపోయింది, చలికి అమ్మ కాళ్లు కొయ్యబారిపోయాయి. మర్నాడు కూలీలు బుట్టలో కూర్చోబెట్టి కిందికి మోసుకొచ్చారు. దర్శనం కాకుండానే అమ్మ తిరిగొచ్చింది.

నాది మొదట్నుంచీ నోటి దురుసు. ఆయన చూడ్డానికి వస్తే గుమ్మంలోనే అనేశాను: "మా అమ్మ కాళ్లు పోయుంటే మీ దారంతో కుట్టేవారా?"

అమ్మ కాళ్ల కట్లు చూసి, ఆయన చెప్పులు తొడుక్కోవడం కూడా మర్చిపోయి ఇంటికెళ్లిపోయారు. పాఠాలు ఆగిపోయాయి. పెరట్లో ఇసుక మీద గడ్డి మొలిచింది.

నెలలు గడిచాక అమ్మే ఆ గడ్డి పీకుతూ కనిపించింది. ఆయన పెరటి అరుగు మీంచి, "ఏం చేస్తున్నావు తల్లీ?" అన్నారు.

"ఏటి సేత్తాను, కొండలు కట్టుకుంతన్నాను. నాను మళ్లీ ఎల్తాను. మీరు సెప్పకపోతే ఎవులు సెప్తారు?"

"నేను సముద్రం లెక్క కొండకి కట్టానమ్మా. పటం పడుకుని ఉంటుంది, కొండ నిలబడి ఉంటుంది. ఆ మాత్రం తెలియని వాడు చెప్పకూడదు."

"తెల్దు కదా, అయితే రండి. ఇద్దరం ఎల్లి తెలుసుకుందాం."

ఆయన వచ్చారు. ఉబ్బసం మనిషి, ఆర్నెల్లు ప్రతి శనివారం సింహాచలం మెట్లెక్కి దమ్ము కూడగట్టుకున్నారు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను, ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండడానికి. ఆ కొండ మీద ఊపిరి అందని చోటల్లా మేష్టారు ఆగి, జేబులోంచి అదే పూలదారం తీసి ఒక ముడి వేసేవారు. "ఇక్కడ ముసలాళ్లు కూర్చోవాలి" అనుకుంటూ. అమ్మ ఆగినప్పుడు కూడా ముడే. పైకి చేరేసరికి ముళ్లు ముప్పై దాటాయి.

ముక్తినాథ్‌లో అమ్మ నూట ఎనిమిది ధారల కింద మునిగి, వణుకుతూనే చెంబులో నీళ్లు పట్టుకొచ్చింది. మేష్టారు గోడ వారన కూర్చుని ఉన్నారు. "తల మీద సల్లమంటారేటి?" అని అడిగింది. ఆయన మఫ్లరు తీసి తల వంచారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు గుమ్మంలో అన్న మాటకి క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చినా, ఎందుకో ఆగిపోయాను. ఇంటికెళ్లాక అడగొచ్చనుకున్నాను.

తిరిగొచ్చాక ఇసుక కొండ మళ్లీ లేచింది. ఈసారి దారం పటం మీద కాదు, కొండ మీద. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, వేలితో అదుముతూ ఎక్కడా లేవకుండా పరిచేవారు. ఉక్కు ఫ్యాక్టరీ పని మొదలయ్యాక ఊళ్లోకి రకరకాల మనుషులు వచ్చారు. వాళ్లలోనూ యాత్రకి వెళ్లేవాళ్లు ఆ పెరట్లో కూర్చునేవారు. ఆయన పాఠం ప్రతిసారీ తన తప్పుతోనే మొదలుపెట్టేవారు. "ఒక తల్లి కాళ్లు నా లెక్కకి బలి కాబోయాయి" అని. ఆ తల్లి పక్కనే ముంతతో నీళ్లు పోస్తూ, "సాల్లెండి, ఇంకెన్నాళ్లు సెప్తారు" అని కసిరేది.

ఆ సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లిన సమాధుల దొడ్డి వాలు మీద ఉంది. ఆయన చెల్లెలు, ఆయన చుట్టి బైబిల్లో దాచుకున్న ఆ దారం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ వాలెక్కడానికి అమ్మ మూడుసార్లు ఆగింది. ఆమె ఆగితే పెట్టె మోసేవాళ్లూ ఆగి భుజాలు మార్చుకున్నారు. మూడుచోట్లా అమ్మ మూడు ముళ్లు వేసింది.

మట్టి పోశాక అందరూ పూలు పెట్టారు. అమ్మ వంగలేక దారాన్ని పక్కన నేల మీద వదలబోయింది. నేను అందుకున్నాను. పన్నెండేళ్లుగా అడగని క్షమాపణ నాలోనే ఉండిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, ఆ పచ్చిమట్టి దిబ్బ మీద, కింద నుంచి మొదలుపెట్టి, వేలితో అదుముతూ, ఎక్కడా లేవకుండా పరిచాను. దారం ఒక పక్క నుంచి ఎక్కి, పైన ఒక ముడి దగ్గర ఆగి, రెండో పక్కకి దిగింది.