అమ్మ చోటు నుంచి చూస్తే

మెదక్‌లో మా వాడ చర్చి చిన్నది. పెద్ద చర్చి చూడటానికి వచ్చేవాళ్లెవరూ దీని మొహం చూడరు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చుంటాం. అమ్మ చోటు కిటికీ దగ్గర. ఆమె పోయాక అక్కడ నేను కూర్చోవడం మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. చోటు ఖాళీగా ఉంది, కూర్చున్నాను.

నాయిన బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఉద్యమంలో షాపుల బోర్డుల మీద ఆంధ్రప్రదేశ్ చెరిపి తెలంగాణ రాసే పని కొన్నాళ్లు దొరికింది, తర్వాత అదీ లేదు. ఖాళీగా ఉండలేక చర్చి కప్పుకు బొమ్మ వేస్తానన్నాడు. చర్చి పాస్టరు అయ్యగారి ఇంట్లో పాత క్యాలెండర్ మీద ఏదో దేశపు చర్చి ఉండేది. అందులో స్తంభాలు పైపైకి పోయి, కప్పే లేనట్టు ఆకాశం తెరుచుకుని, దేవదూతలు ఎగురుతుంటారు. అంతా రంగే. అలాంటి బొమ్మ ఒక్క చోటి నుంచే సరిగ్గా కనబడుతుందట. ఆ చోటు ముందే ఎంచుకుని, నేలలో మేకు కొట్టి, దారం పైకి లాగి గీతలు గీయాలి.

నాయిన ఆ మేకు అమ్మ చోట కొట్టాడు.

బొమ్మ పూర్తయిన ఆదివారం నేను తలెత్తితే పైన కప్పు లేదు. మగవాళ్లకు మాత్రం స్తంభాలన్నీ పక్కకు ఒరిగి కనబడ్డాయి.

"గా కంబాలు మా మీద పడేటట్టున్నయి. ప్రార్థనల మనసు నిలుస్తలేదు," అన్నాడు సంఘ పెద్ద. అయ్యగారు వాక్యం చెబుతుంటే గోడకానుకుని కునుకు తీసే మనిషి ఆయన. "మా దిక్కుకు సక్కగ తిప్పు. లేకుంటే సున్నం గొట్టు."

తిప్పనని నాయిన ఒక్క మాటే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నాకు కోపం రావాలి. రాలేదు. ఇంటికెళ్లి అన్నం వండాను.

బంద్ రోజున సున్నం కొట్టడానికి నాయినే నిచ్చెన వేశాడు. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వనన్నాడు.

"జర అమ్మ జాగల కూసో బిడ్డా. సక్కగ కనవడుతుందా?"

"కనవడుతుంది నాయినా."

"యాడికెల్లి మొదలువెట్టాలె?"

"మొగోళ్ల దిక్కుకెల్లి."

స్తంభాలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి నా నెత్తి మీది ఆకాశం మిగిలింది. నాయిన నిచ్చెన ఇటు జరిపాడు.

"లే బిడ్డా, మీద పడుతది."

నేను లేవలేదు. ఆయన బ్రష్షు సున్నంలో ముంచాడు. చుక్కలు నా జుట్టు మీద, చేతుల మీద పడ్డాయి. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"కండ్లల్ల పడ్డదా బిడ్డా?"

"లేదు నాయినా," అన్నాను. ఆయన బ్రష్షు ఆపలేదు.