ఒక్క పాసు మీద ఇద్దరు

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచిపోయే మనిషిని. కోరుట్లలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్ మీద కూర్చుంటాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్ళకు టైఫాయిడ్ అని రాసిన కాగితాలు ఎన్నో నా చేత్తోనే ఇచ్చాను. ఇస్తూ లోపల నవ్వుకునేదాన్ని కూడా. నా నోరు కొంచెం దురుసు, అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ సంగతి రాయమని ఎవరూ అడగలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఇల్లు జగిత్యాల లింగంపేట స్టేషన్‌కు దగ్గర. మా గల్లీలోనే స్వరూప అనే అమ్మాయి అద్దెకుండేది. నాకంటే పదకొండేళ్ళు చిన్న. భర్త మస్కట్‌లో, ఐదేళ్ళ కూతురు. ల్యాబు ఉద్యోగం నేనే ఇప్పించాను. ఇప్పించానంటే, నాదే సగం ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులతో రోజూ పోలేక ఓనరుతో మాట్లాడి ఒకరోజు నేను, ఒకరోజు ఆమె వచ్చేట్టు చేశాను. ఆయన సరేనన్నాడు.

ఉద్యోగం పంచుకున్నట్టే రైలు పాసు కూడా పంచుకున్నాం. నెలనెలా స్వరూప పేరు మీద ఒక్కటే తీసేవాళ్ళం. నా వంతు రోజు నేను పట్టుకుపోయేదాన్ని, సాయంత్రం వచ్చి వాళ్ళింట్లో ఇచ్చేదాన్ని. ఆమె వంతు రోజు ఆమె అట్లాగే చేసేది. ఐడీ కార్డు మీద ఫోటో గోరంత ఉంటుంది. తలకు స్కార్ఫ్ చుట్టుకుంటే ఎవరి మొఖం ఎవరిదో పోల్చడం కష్టం. మా ప్యాసింజర్ బండిలో టీసీ కనపడటమే అరుదు. వచ్చినా పాసు చూసి తల ఊపి వెళ్ళిపోతాడు. తప్పని తెలుసు. మా బండిలో టికెట్ లేకుండా ఎక్కేవాళ్ళు ఎంతమందో, మేమే నయం అని సర్దిచెప్పుకునేదాన్ని.

స్వరూప మాత్రం లోపల భయపడుతూనే ఉండేది. నల్లకోటు కనపడితే చాలు, పాసు చేతిలో ఉన్నా సరే, నా పేరు స్వరూప, నా పేరు స్వరూప అని గొణుక్కుంటానని చెప్పేది. నీ పేరే కదే అది, దానికి రిహార్సలెందుకు అని నేను ఏడిపించేదాన్ని.

ఆ రోజు ఆమె వంతు. కోరుట్లలో మా ఆడబిడ్డ కొత్త ఇల్లు కట్టుకుంది, నేనూ మా ఆయనా పోయి పుట్టింటి తరఫున ఆమె ఒళ్ళో ఒడిబియ్యం పోయాలి. ఆయన సామానుతో బైకు మీద ముందు పోతానన్నాడు. నేను మధ్యాహ్నం రైలుకు పోదామనుకుని పాసు నా దగ్గరే ఉంచుకున్నాను. పొద్దున స్వరూప ఫోన్ చేసింది.

"అక్కా, పాసు ఇయ్యవా? బండి టైమైతుంది."

"ఇయ్యాల నాకు గావాలె. ఒక్కరోజుకు ఏం గాదు పో. మన లైన్ల ఎవడస్తడు చెకింగుకు?"

ఆమె సరే అక్కా అని పెట్టేసింది. ఆ ఫోన్ కాల్ నేను తీసేయలేదు, ఇంకా నా ఫోన్లో ఉంది. ముప్పై ఎనిమిది సెకన్లు.

సాయంత్రం ల్యాబులో ఆలస్యమై ఆమె పరుగెత్తి బండెక్కిందట. టికెట్ తీసే టైము లేదు. మధ్యలో ఎక్కడో టీసీ ఎక్కాడు. అతను ఇంకా రెండు పెట్టెల అవతలే ఉన్నాడని తర్వాత తెలిసింది. లింగంపేట వస్తుంటే ఈమె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, బండి ఆగకముందే దిగబోయి కాలు జారింది. ఆ రాత్రి నేను కోరుట్లలోనే ఉండిపోయాను. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

ఆమె సంచిలో టిఫిన్ డబ్బా, ఫోను, పిల్లది సగం రాసిన నోటుబుక్కు దొరికాయి. టికెట్ లేదు. పాసు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

నేను ఎవరికీ చెప్పలేదు. భర్త వచ్చి పదకొండు రోజులుండి మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయాడు. పిల్లను సిరిసిల్లలో ఉండే అమ్మమ్మ మల్లవ్వ తీసుకుపోయింది. రైలు ప్రమాదంలో పోయినవాళ్ళకు పరిహారం వస్తుందని ఎవరో చెబితే ఆమె వకీలును పట్టుకుంది. టికెట్ ఉన్నట్టు రుజువు లేకపోతే కేసు నిలబడదని ఆ వకీలు అన్నాడట. ఈ మాట గల్లీలో ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. విని లోపలికి వచ్చి తలుపేసుకున్నాను. ఆ పాసు బయటపెడితే పిల్లకు ఒక దారి దొరుకుతుంది. కానీ అది నా దగ్గరెందుకుందో చెప్పాలి. నా వల్లే పోయిందని అందరికీ తెలుస్తుంది.

అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. ఉద్యోగం మొత్తం నాకే వచ్చింది, రోజూ పోవాలి. పాసు గడువు ఇంకా సగం నెల పైనే ఉంది. కొత్తది నా పేరు మీద తీస్తే పాతదేదని ఎవరైనా అడుగుతారేమోనని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది పిసినారితనమే. స్వరూప పాసు మీదనే ఎక్కాను.

అట్లా ఎక్కడం మొదలుపెట్టిన నాలుగో రోజో ఐదో రోజో మొదటిసారి ఆ వింత జరిగింది. పొద్దున బండి, ఎండ కిటికీలోంచి పడుతోంది. పెట్టెలో పదిమంది కూడా లేరు, నా పక్క సీటు ఖాళీ. టీసీ వచ్చాడు, నడివయసు మనిషి. పాసు చూసి నాకిచ్చి, చెయ్యి అట్లాగే పక్కకు చాచి నిలబడ్డాడు.

"ఆమెది?"

"ఎవలిది సార్?"

ఆయన ఖాళీ సీటు వైపు చూశాడు, నన్ను చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ముందుకు పోయాడు. పెట్టె చివర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ముసలితనం దగ్గర పడుతోంది పాపం అనుకున్నాను. కానీ ఆ రోజు కోరుట్ల దాకా పక్క సీటు వైపు నేను తల తిప్పలేదు.

రెండోసారి కోరుట్ల స్టేషన్ గేటు దగ్గర. చెకింగు స్క్వాడ్ వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. ఒక ఆడమనిషి, చిన్న వయసు, నా పాసు చూసి పొమ్మంది. రెండడుగులు వేశాను.

"ఓ మేడం, మీ ఇద్దరికి ఒక్కటే పాసా? మీ ఎనుకామెకు టికెట్ ఏది?"

నా వెనుక ఎవరూ లేరు. దిగినవాళ్ళందరూ ముందే వెళ్ళిపోయారు, నేను మోకాళ్ళ వల్ల చివర్న నడుస్తాను. ఎవరూ లేరు మేడం అన్నాను. ఆమె నా భుజం మీదుగా చూస్తూ, ఇప్పుడే మీ కొంగు పట్టుకుని వచ్చింది కదా అంది. పక్కనున్న మనిషి ఏంటని అడిగితే, ఏం లేదు సార్ అని మొఖం తుడుచుకుంది. ఆ రోజు రెండు రిపోర్టులు తారుమారు చేసి ఓనరుతో తిట్లు తిన్నాను.

ఆ తర్వాత పాసు బయటికి తీయబుద్ధి కాలేదు. వారం రోజులు బస్సుకు పోయాను. ఒక సాయంత్రం బస్సులు ఆలస్యమై, సరే చూద్దామని రైలెక్కాను. టికెట్ తీయలేదు, కౌంటర్ దగ్గర లైన్ ఉంది. పాసు బ్యాగు అడుగున ఉంది. సరిగ్గా ఆ రోజే టీసీ వచ్చాడు. పాసు చూపించడం కంటే పట్టుబడటమే మేలనిపించి టికెట్ లేదు సార్ అన్నాను. పేరు, వయసు అడిగాడు, చెప్పాను. నలుగురూ చూస్తుంటే తలవంచుకుని ఆయన చెప్పిన జరిమానా అంతా ఫోన్‌తో కట్టేశాను. రసీదు మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన అది తీసి చూసి, ఇద్దరికి కట్టినవేందే అన్నాడు. మనుషులు అన్నచోట రెండు అని రాసి ఉంది. వయసు అన్నచోట ముప్పై ఎనిమిది, దాని పక్కన ఇరవై ఏడు.

నా వయసు ముప్పై ఎనిమిది. స్వరూపకు ఇరవై ఏడు.

ఆ పెట్టెలో పట్టుబడింది నేనొక్కదాన్నే. ఇరవై ఏడు అన్న మాట నేను అనలేదు. వేరే ఎవరిదో కలిపి రాసి ఉంటాడు, గంత పని ఒత్తిడిలో చెయ్యి జారదా అని మా ఆయన అన్నాడు. ఆయనకు పాసు సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి మొత్తం చెప్పాను. పొద్దున లేచి, సిరిసిల్ల పోదాం నడువు అన్నాడు.

మల్లవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పిల్ల ఆమె పక్కన దారపు ఉండతో ఆడుకుంటోంది. నన్ను చూసి మల్లవ్వ లేవబోయింది, నా బిడ్డకు నౌకరి ఇప్పించిన తల్లివి అంది. ఆ మాటతో అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"అవ్వా, స్వరూప దొంగతనంగ బండెక్కలే. పాసుండె. గా పొద్దు నా తాన పెట్టుకున్న."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నీ తానెందుకున్నది?"

"మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయ పోవాలని."

మల్లవ్వ నన్ను తిట్టలేదు. తిడుతుందని, కొడుతుందని కూడా సిద్ధపడి వెళ్ళాను. ఆమె నేనిచ్చిన పాసూ ఐడీ కార్డూ తీసుకుని ఆ గోరంత ఫోటోను బొటనవేలితో రుద్దింది.

"మంచిగ పోసినవా?"

"పోసిన అవ్వా."

"నాకు పోసెతందుకు బిడ్డ లేదు."

అంతే అంది. మళ్ళీ ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. నేను ఏడ్చినంత సేపూ చుడుతూనే ఉంది.

పాసు వకీలుకు చేరింది. నేను వచ్చి సాక్ష్యం చెప్పాలన్నాడు. నా సంగతి బయటపడితే పడనీ అని ఒప్పుకున్నాను. కేసు ఇంకా నడుస్తోంది. పిల్లకు ఏమైనా వస్తుందో రాదో తెలియదు, పిలిచినప్పుడల్లా పోతున్నాను. గల్లీలో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ళను నేనేమీ అనుకోవడం లేదు.

నా లెక్కలో అక్కడితో అయిపోవాలి. తప్పు ఒప్పుకున్నాను, పాసు ఇచ్చేశాను. మరుసటి సోమవారం కౌంటర్‌లో నా డబ్బుతో టికెట్ తీసి బండెక్కాను. మనసు కొంచెం తేలికగానే ఉంది. సగం దారిలో కొత్త టీసీ, ఇంతకుముందు ఎన్నడూ చూడని మనిషి వచ్చాడు. నా టికెట్ మీద గీత గీసి ఇచ్చాడు. తర్వాత నా పక్క ఖాళీ సీటు ముందు వంగి మర్యాదగా అడిగాడు.

"అమ్మా, మీది?"

జవాబు కోసం ఆగాడు. ఎంతసేపు ఆగాడో చెప్పలేను. చివరకు నేనే, సార్, నేనొక్కదాన్నే అన్నాను. ఆయన ఉలిక్కిపడి చూసి గబగబా పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఈ రోజుదాకా ఏమీ కనపడలేదు. నీడ లేదు, చప్పుడు లేదు, కలలో కూడా రాలేదు. కనపడితే కాళ్ళు పట్టుకునేదాన్ని. టీసీలు ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాదు, నా సంగతి తెలిసినవాళ్ళు అసలే కాదు. రసీదు బీరువాలో ఉంది, కావాలంటే ఎవరైనా చూడవచ్చు. ఇది ఏమిటో, ఎట్లా జరుగుతోందో నాకు తెలియదు. బస్సుకు పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. కానీ ఆ బండిలో ఆమెను టికెట్ లేకుండా వదిలేసి పోవడం నాకు చేతకావడం లేదు.

అందుకని ఇప్పుడు రోజూ రెండు టికెట్లు తీస్తున్నాను. టీసీ వస్తే రెండూ ఇస్తాను. రెండింటినీ చూస్తారు, రెండింటి మీదా గీత గీస్తారు, తిరిగి ఇచ్చి వెళ్ళిపోతారు. రెండో మనిషి ఏదని ఇప్పటిదాకా ఒక్కరు కూడా అడగలేదు.