పళ్ళెంలో మరిచిన తాళం

బుక్కరాయసముద్రం టాక్సీ స్టాండులో నా పక్కన కారు పెట్టే డ్రైవరు తాళం చేత్తో తిప్పి ఎరగడు. అతని కొత్త కారుకు తాళం దగ్గర్లో ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టయ్యేది. చొక్కా జేబును రెండు వేళ్ళతో తట్టి, బటన్ నొక్కేవాడు. నేనేమో పాత కారులో తాళం తిప్పి తిప్పి చెయ్యి నొప్పి పుట్టించుకునేవాణ్ణి. అతను జేబు తట్టినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఆయుధపూజ రోజు అందరిలాగే తన తాళాన్నీ పూజ పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం కారు పక్కనే ఉంది. హారతయ్యాక అలవాటుగా ఖాళీ జేబు తట్టి, బటన్ నొక్కి, నిమ్మకాయలు తొక్కించి, బాడుగకు కుందుర్పి బయల్దేరాడు. తాళం లోపల లేదని కారు కుయ్ కుయ్‌మంటున్నా డప్పుల్లో వినబడలేదు. పళ్ళెంలో తాళం నేను చూశాను. పిలవలేదు.

కుందుర్పిలో ఇంజన్ ఆపాక కారు మళ్ళీ స్టార్టవలేదు. ఫోన్ చేశాడు.

"అన్నా, తాళం ఆడనే మర్చిపోయినా. రవంత తెచ్చియ్యన్నా."

లోపల నవ్వుకుంటూనే తీసుకెళ్ళాను. ఎండలో నిలబడి ఉన్నాడు. తాళం కళ్ళకద్దుకుని, నన్ను తన సీట్లో కూర్చోబెట్టాడు.

"నాకోసం ఇంత దూరం ఎవరొస్తారన్నా? ఈ పొద్దు నువ్వే నొక్కు."

ఇన్నాళ్ళూ ఆశపడ్డ బటన్. వేలు పెట్టాను గాని, నొక్కడానికి చెయ్యి రాలేదు.