వేడినీళ్లు అనుగ్రహించిన రోజులు

ఆ రోజుల్లో సెల్‌ఫోను మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చేది. తెలియని ఇంగ్లీషు మాటకు అర్థం కావాలంటే నిఘంటువే గతి. ఆ నిఘంటువు నా దగ్గర ఉండేది, ఎదుటివాళ్ల దగ్గర ఉండేది కాదు. నా ధైర్యమంతా అదే. డిగ్రీ అయిపోగానే తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఒక లాడ్జిలో రిసెప్షన్ కౌంటరు వెనక కూర్చున్నాను. పాకాల దగ్గర మా ఊళ్లో నాయన బెల్లం వండించేవాడు. లాడ్జిలో పని ఖాయం కాకపోతే తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చోమని ఆయన ఆజ్ఞ. ఆ పొగకు నా కళ్లు మండుతాయి (నా ఇంగ్లీషుకూ అది మంచిది కాదని నా గట్టి నమ్మకం). అందుకే ఎలాగైనా ఓనరు చేత శభాష్ అనిపించుకోవాలని పట్టుదల.

ఓనరును అందరం పెద్దాయన అనేవాళ్లం. కొండకు వచ్చే ప్రతివాళ్లూ ఆయనకు స్వామే. గది తాళంచెవి రెండు చేతులతో ఇచ్చేవాడు, చంకలో ఉన్న పసిపిల్లను కూడా 'రాండి సామీ' అని పిలిచేవాడు. అలాంటి మనిషికి ఒకటే దిగులు, బాయిలరు. అది ముసలిది. తెల్లవారుజామున కాసేపు వేడినీళ్లిచ్చి అలిసిపోయేది. ఆ తర్వాత నిద్రలేచిన స్వాములందరూ బకెట్లు పట్టుకుని నా ముందు నిలబడి, వాళ్లకొచ్చిన భాషలన్నిటిలో నన్ను తిట్టేవాళ్లు. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి బోర్డు పెట్టి చూశాను. చదివి మరీ తిట్టారు.

అప్పుడు నిఘంటువు తీశాను. 'వౌచ్‌సేఫ్' అనే మాట దొరికింది. 'దయతో ఇచ్చుట' అని ఉంది. ఉత్త ఇవ్వడం కన్నా దయతో ఇవ్వడం మర్యాద కదా అనుకుని, తెల్లవారుజామున మాత్రమే వేడినీళ్లు వౌచ్‌సేఫ్ చేయబడును అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలతో రాసి తగిలించాను. మరునాటి నుంచి గొడవ లేదు. బకెట్టుతో వచ్చినవాళ్లు బోర్డు ముందు ఆగి, ఆ మాట దగ్గర తడబడి, అదేదో చట్టం కాబోలనుకుని వెనక్కి పోయేవాళ్లు. తెలియని మాటతో ఎవరు కొట్లాడతారు? పెద్దాయన మురిసిపోయి, నెల తిరిగేలోగా నన్ను ఖాయం చేస్తానన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. దుప్పటి వౌచ్‌సేఫ్, అదనపు దిండు వౌచ్‌సేఫ్, ముసలివాళ్లకు లిఫ్టు వౌచ్‌సేఫ్. గోడమీద ఖాళీ లేకుండా దయ కురిపించాను.

అలా ఉండగా మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ వచ్చింది. బోర్డులన్నీ వరసగా చదువుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనే ఉన్న పెద్దాయన అది మెచ్చుకోలు అనుకుని, మా పిల్లోడే రాసినాడని గర్వంగా నన్ను చూపించాడు.

"ఈ మాటకు అర్థం తెలుసునా నాయనా?" అని ఆమె అడిగింది. దయతో ఇవ్వడం అని తడుముకోకుండా చెప్పాను.

"ఎవురి దయ? పైనుండే వాళ్లు కిందుండే వాళ్లకు, పాపం పోనీలే అని ఇస్తే ఆ మాట వాడతారు. రాజు ఇస్తే అనొచ్చు, దేవుడిస్తే అనొచ్చు. మీ బాయిలరు నీళ్లకు కాదు."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అంటే, సామిని సూసే దానికొచ్చినోళ్లకు మనం కనికరించి నీళ్లు పోస్తా ఉండామనా రాసినావు?" అన్నాడు నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది. బోర్డులన్నీ పీకెయ్యమని, పొద్దున్నే మా నాయనకు ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. బెల్లం పొగ నాకు కౌంటరు దగ్గరే తగిలింది.

పొద్దున టీచరమ్మ ఆలస్యంగా లేచింది. బాయిలరు అప్పటికే చల్లబడింది. పెద్దాయన ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె నా ముందుకొచ్చి, నవ్వకుండా, ఒక బకెట్టు వేడినీళ్లు వౌచ్‌సేఫ్ చేస్తావా అని అడిగింది. నేను వంటగదిలోకి పరుగెత్తి గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కాను (లిఫ్టు ఆ రోజు ఎవరి మీదా దయ తలచలేదు). మూడో అంతస్తు చేరేసరికి ప్యాంటు తడిసింది, ఊపిరి ఆడలేదు. దయ కురిపించేవాళ్లెవరూ ఇట్లా ఆయాసపడరని అప్పుడు అర్థమైంది. తలుపు కొట్టి, "నీళ్లు తెచ్చినానమ్మా" అన్నాను.

"ఆఁ, ఇదీ సరైన మాట" అందామె.

వెనక్కి తిరిగితే మెట్ల మీద పెద్దాయన, పంచె ఎగగట్టుకుని, ఇంకో బకెట్టుతో. "ఒకటి సాలదులే, పట్టుకో" అన్నాడు రొప్పుతూ. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఊరికి ఫోను పోలేదు.

మాట మంచిదే, చోటే తప్పు అని వెళ్లేముందు టీచరమ్మ పెద్దాయనకు నచ్చజెప్పింది. ఆమె చెప్పినట్టే బయటికి పోయే తలుపు మీద ఒక్క బోర్డు రాశాను, స్వామి మీకు దర్శనం వౌచ్‌సేఫ్ చేయుగాక అని. పెద్దాయన దానికి దండం పెట్టి, నన్ను ఖాయం చేశాడు.

ఇప్పుడు ఆ లాడ్జికి నేనే మేనేజరును. మిద్దెమీద సోలారు వచ్చాక వేడినీళ్ల బోర్డు అక్కర్లేకపోయింది. తలుపు మీది బోర్డు మాత్రం ఉంది. కొండకు బయలుదేరుతూ ఎవరైనా ఆగి చదివితే, వాళ్లు ఫోను తీసేలోగా నేనే కౌంటరు దాటి వచ్చి అర్థం చెబుతాను. ఇప్పుడు ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయాలంటే నాలుగు చోట్ల వెతికి చూసుకుంటాను, తప్పు దొర్లదు. ఆ ఎర్ర అక్షరాల కుర్రవాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఒక నిఘంటువునూ ముసలి బాయిలరునూ నమ్ముకుని, దేశంలోని భక్తులందరి మీదా దయ చూపించినవాడు. అంత ధైర్యం మళ్లీ నాకెవరూ వౌచ్‌సేఫ్ చెయ్యలేదు.