ఛీఛీ వదిన, గుర్రుమనని కుక్క

వీధిలో ఆమెను ఛీఛీ వదిన అంటారు. పక్కన ఎవరైనా తుమ్మితే ఛీ. గ్లాసు అంచున వేలిముద్ర కనబడితే ఛీ. బస్సులో పక్కవాడి చెమట తగిలితే ఇంటికొచ్చి మోచేతిదాకా సబ్బు. భర్త లారీ మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది తక్కువ. ఆమె ఆస్పత్రివాళ్లకు తెల్లకోట్లు కుడుతుంది. తెల్లగుడ్డ మీద మరక పడితే ఆ పూట అన్నం సహించదు.

అలాంటి ఇంట్లోకి మరిది కుక్కను తెచ్చాడు. నల్లది, మొద్దుది, ఎప్పుడూ చొంగ కార్చేది. పేరు బుజ్జిగాడట! మరిదీ, తోడికోడలూ, వాళ్ల నాలుగేళ్ల చిట్టీ దాన్ని సోఫా ఎక్కించారు, పక్క ఎక్కించారు, మూతి మీద ముద్దులు పెట్టారు. అది గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా నాకిన నాలుకతోనే పిల్ల చెంప నాకేది. ఆ చెంప కడిగేదాకా వదిన పిల్లను దగ్గరికి రానిచ్చేది కాదు.

చీదరించుకునే మనిషికి ఒక గుణం ఉంటుంది. గిట్టనిది ఎక్కడుందో క్షణక్షణం తెలియాలి. బొద్దింకను చూసినవాడు దాని మీంచి కళ్లు తిప్పుకుంటాడా? వదిన మిషను తొక్కుతూనే కుక్కను ఒక కంట కనిపెట్టుకుని ఉండేది. చొంగ ఎప్పుడు కారుతుందో, ఒళ్లు ఎప్పుడు విదిలిస్తుందో ముందే పసిగట్టకపోతే కోటు పాడు. అలా చూడగా చూడగా అక్కర్లేని చదువొకటి వంటబట్టింది. ఎదుట తిండి లేకుండా ముక్కు నాక్కుంటే దానికి ఇబ్బందిగా ఉన్నట్టు. నిద్ర రాకుండా ఆవలిస్తే నన్నొదిలెయ్యమన్నట్టు. ఒళ్లంతా వదులుగా ఊగితే సంతోషం. తోక ఒక్కటే కర్రలా లేచి సన్నగా కదిలితే దగ్గరికి రావద్దని. కుక్క తోక వంకరని సామెత చెప్పేవాళ్లే అందరూ, ఆ తోక ఏమంటోందో చూసే నాథుడు లేడు.

మరిది మాత్రం కుక్కను ఫోనులోంచే చూసేవాడు. చిట్టి దాని మెడకు వేలాడితే వీడియో. చెవులు పట్టి లాగితే ఇంకో వీడియో. కుక్క గుర్రుమంటే మూతి మీద ఒక్కటిచ్చేవాడు.

"నోర్ముయ్! పిల్ల మీదే గుర్రుమంటావా?"

కొన్నాళ్లకు ఆ గుర్రు పోయింది.

"చూశావా వదినా, ఎంత బుద్ధిమంతుడయ్యాడో!"

"బుద్ధీ లేదు, పాడూ లేదు. నువ్వు దాని నోరు నొక్కేశావు. నచ్చకపోతే ఇంకెలా చెప్తుంది?"

"నీకు అదంటేనే పడదు. నువ్వా నాకు చెప్పేది!"

కుక్కను వెనకేసుకొచ్చినందుకు వదినకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఒక ఆదివారం కుక్క హాల్లో రొట్టెముక్క తింటోంది. చిట్టి వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, మొహం దాని మొహానికి ఆనించింది. మరిది ఫోను ఎత్తాడు.

"అలాగే ఉండు బంగారం! చూడండి, బుజ్జిగాడు నవ్వుతున్నాడు!"

వదిన మిషను ఆపింది. కుక్క నమలడం ఆపేసింది. నోరు మూసుకుంది. తల కదలలేదు కానీ కన్ను పిల్లవైపు తిరిగి తెల్లగుడ్డు బయటపడింది.

"పిల్లను తియ్యి!"

"అబ్బా, వీడియో పాడుచెయ్యకు వదినా."

ఆమె ఒక్క ఉదుటున లేచి, ఏనాడూ తాకని ఆ మూతికీ పిల్ల మొహానికీ మధ్య తన చెయ్యి పెట్టింది. పళ్లు దిగాయి. కుక్క వెంటనే వదిలేసి సోఫా కిందికి దూరింది. చొంగా నెత్తురూ కలిసి చేతినిండా కారాయి. నొప్పికంటే ఆ జిగటే ఆమెను కుదిపేసింది. కుళాయి కింద చెయ్యి పెట్టి భళ్లున వాంతి చేసుకుంది.

సూదిమందు వేయించుకుని వచ్చేసరికి మరిది కుక్కను గొలుసుతో ఈడుస్తున్నాడు.

"దీన్ని ఊరవతల వదిలేసొస్తా. చెప్పాపెట్టకుండా కరిచింది."

"చెప్పాపెట్టకుండానా?" వదిన అతని ఫోను లాక్కుని ఆ వీడియోనే పెట్టింది. మూసుకున్న నోరు. తెల్లబడిన కన్ను. వాటి మీద అతని గొంతే, బుజ్జిగాడు నవ్వుతున్నాడని. మళ్లీ పెట్టింది. తోడికోడలు చిట్టిని దగ్గరికి లాక్కుని మొహం తిప్పుకుంది.

"ఛీ!" అంది వదిన, మరిది మొహం మీదే. "అది నా గదిలో ఉంటుంది. పిల్ల ఆ గది గడప తొక్కదు. నువ్వు చెయ్యెత్తవు."

"నీకది అసహ్యం కదా?"

"అసహ్యమే. నువ్వు అంతకంటే."

కుక్క మిషను పక్క మూలలో పడుకోవడం మొదలుపెట్టింది. వదిన ముక్కుకు గుడ్డ కట్టుకుని, కోట్లు అట్టపెట్టెలో దాచుకుంటూ, వెంట్రుకలు ఏరుకుంటూ, రోజూ దాన్ని తిడుతూనే ఉంది. చాలా వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అది తింటుంటే, గిన్నె పక్కన ఒలికిన నీళ్లు తుడవబోయి చెయ్యి చాచింది. కుక్క నమలడం ఆపింది. గొంతులోంచి సన్నగా, భయంభయంగా గుర్రుమంది.

హాల్లోంచి మరిది చెయ్యెత్తుకుని వచ్చి, ఆమె చూసిన చూపుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వినబడిందిలే, కంపుగొట్టు వెధవా. తిను," అని సబ్బు కోసం లేచింది.