మిషను రేడియోకి నేను చేసిన మరమ్మతు

ఇరవై ఏళ్ల వయసులో కంటికి కనిపించినవన్నీ బాగుచేసేయాలనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. చీరాల అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉంది (ప్రకాశం జిల్లా పుట్టడానికి చాలా టైముంది). మా పేటకు కరెంటు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. గుంటూరులో టీచర్ ట్రైనింగ్ ముగించుకుని, చేతిలో సర్టిఫికెట్టూ, భుజానికి హ్యాండ్‌బ్యాగూ, బుర్ర నిండా పాశ్చాత్య సంగీతమూ పెట్టుకుని, మా మిషను స్కూల్లో చేరడానికి నేను రైలు దిగాను. ట్రైనింగ్ స్కూల్లో ఒక దొరసానమ్మ మాకు నాలుగు గొంతులతో పాడే పాటలు నేర్పింది. వెళ్లేటప్పుడు ఆర్గన్ సంగీతం ఉన్న గ్రామఫోను రికార్డులు కూడా ఓ అరడజను ఇచ్చింది. వాటిని పాత చీరలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా పక్కన కూర్చుంటే చాలు కళ్లెర్రజేస్తూ తెచ్చాను. అవి పగిలిపోయి ఉంటే మా ఊరు ఎంత హాయిగా ఉండేదో!

మిషను రేడియో అని మా ఊళ్లో అందరూ అనేవారు కానీ అది నిజం రేడియో కాదు. చర్చి గంటగోపురం మీద రెండు హారన్లు, కింది గదిలో ఒక మైకూ, ఆంప్లిఫయరూ, అంతే. ఒక హారన్ మా మిషను ఇళ్ల వైపు, రెండోది మగ్గాల వీధి వైపు చూస్తుండేవి. రోజూ తెల్లవారుతుండగా మా తాతయ్య ఆ గదిలో ఒక ముక్కాలిపీట మీద కూర్చుని, హార్మోనియం ముందు పెట్టుకుని, తను కట్టిన కీర్తనలు మూడు పాడేవాడు. తర్వాత ఒక వాక్యం చదివి, మిషను ఆసుపత్రికి డాక్టరమ్మ ఏ రోజు వస్తుందో చెప్పి ఆపేసేవాడు. పాటకు ముందు మాత్రం గొంతు సవరించుకునేవాడు. మామూలు సవరింపు కాదు. రెండు చిన్నవీ, ఒక పెద్దదీ, ఊరంతా వినబడేలా! చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి పనినుంచి రిటైరయ్యాక తాతయ్యకు మిగిలిన పని అదొక్కటే. మిగతా రోజంతా ఆ ముప్పావుగంట గురించి మాట్లాడేవాడు, లేకపోతే మర్నాటి ముప్పావుగంట కోసం మిరియాలు నమిలేవాడు.

నాకు మాత్రం ఆ పాటలు వింటే ప్రాణం పోయేది. ఎప్పుడూ ఒకటే దరువు, టకటకా నడిచిపోయే వరస. దేవుణ్ణి స్తుతిస్తున్నట్టు కాక ఎవరో తరుముకొస్తున్నట్టు ఉండేది. నేను వెళ్లి పాస్టరు అయ్యగారి ముందు ఆర్గన్ సంగీతపు గొప్పతనం గురించి ఒక ఉపన్యాసమే ఇచ్చాను. ఆయనకు కొత్తదంటే మోజు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే భయం. రెండూ కలిసి "అలాగే అమ్మాయ్, సోమవారం నుంచి నీ రికార్డులే వేద్దాం" అనేశారు. ఇక తాతయ్యకు చెప్పాలి. రాత్రంతా మాటలు కూడగట్టుకుని, పొద్దున్నే గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తాతయ్య విని, "మంచిదే అమ్మడూ. నా గొంతూ పాతబడింది" అని మాత్రం అన్నాడు. నేను పొంగిపోయాను. ఎంత ఆధునికంగా ఆలోచిస్తాడో మా తాతయ్య అనుకున్నాను. ఆ రోజు ఆయన మిరియాల డబ్బీ తీసి మా నానమ్మకు ఇచ్చేసి, "రసంలో వేసుకో" అన్నాడు. దాన్ని కూడా నేను ఆధునికత కిందే జమ కట్టాను.

సోమవారం తెల్లవారుజామున నా చేత్తో నేనే రికార్డు పెట్టాను. ఆర్గన్ మొదలైంది. నిదానంగా, గంభీరంగా, ఒక్కొక్క స్వరం దున్నపోతు లేచినట్టు లేచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై నిమిషాలు గడవకముందే మగ్గాల వీధి నుంచి పాతికమంది చేతుల్లో పూలదండలతో మిషను గేటు దగ్గరికొచ్చేశారు. ముందు నడిచేది గంజి మామ్మ. (నూలు పడుగుకు పెట్టే గంజి కాచడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు, అందుకే ఆ పేరు.) మామ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఎంత మంచి మనిషమ్మా! నిన్నగాక మొన్న కూడా నన్ను చూసి నవ్వాడే!" అని ఏడుస్తోంది. పెద్దవాళ్లెవరైనా పోయినప్పుడు అసలు రేడియోలో వచ్చే సంగీతం సరిగ్గా అలాగే ఉంటుంది. అందుకని మా అయ్యగారు పోయారని వీధి వీధంతా తేల్చేసుకుంది. ఆ అయ్యగారు బనీనుతో, నోట్లో వేపపుల్లతో అప్పుడే వసారాలోకి వచ్చారు. తెచ్చిన దండలు వెనక్కి తీసుకెళ్లడం మంచిది కాదని మామ్మ పట్టుబట్టింది. అందుకని అవన్నీ బతికున్న అయ్యగారి మెళ్లోనే వేసి వెళ్లారు. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మంగళవారం కాస్త హుషారైన రికార్డు ఎంచాను. నాలుగు గొంతుల పాట. ఆడగొంతులు ముందు అందుకుంటే మగగొంతులు వెనకాల వచ్చి కలుస్తాయి. సాయంత్రం బజార్లో గంజి మామ్మ నన్ను ఆపింది. "ఏమే పిల్లా, పొద్దున్న ఆ నలుగురూ దేనికి పోట్లాడుకున్నారే? అంతసేపు విన్నానా, తప్పెవరిదో తేలనే లేదు" అంది. అక్కడితో ఆగలేదు. తాతయ్య పాడినన్నాళ్లూ ఆమె మొదటి పాటకు ఎసరు పెట్టి, రెండో పాటకు బియ్యం పోసి, మూడో పాట చివర్లో వార్చేదట. ఇప్పుడు పాట ఎక్కడ అయిపోతుందో తెలియక రెండు రోజులుగా అన్నం సంకటి అయిపోతోందట. నేను గడియారం చూసుకోమని సలహా ఇచ్చాను. "గడియారం పాడుద్దా?" అంది మామ్మ.

అసలు గొడవ గురువారం వచ్చింది. పడుగు పని చూడనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. చీరకు నిలువు దారాలుండే పడుగును మగ్గం ఎక్కించే ముందు వీధి పొడుగునా సాచి కట్టి, గంజి పట్టిస్తారు. అటొకరూ ఇటొకరూ పెద్ద కుంచె పట్టుకుని, ఆ తడి దారాలను దువ్వుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఎండ ఎక్కేలోపు, గంజి ఆరేలోపు అయిపోవాలి. అడుగు వెనకబడితే దారాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే ఆ పని తెల్లవారగానే, మిషను రేడియో వచ్చే వేళకే మొదలుపెడతారు. గురువారం నాడు మీసాల బాబాయిది ముప్పై చీరల పడుగు అప్పడంలాగా బిగుసుకుపోయింది. (బాబాయి అంటే నాకు వరసకేం కాడు. ఆ వీధిలో అందరికీ బాబాయే. ఆయన కన్నా ముందు ఆయన మీసాలు మలుపు తిరిగేవి.) మధ్యాహ్నానికి వీధంతా మిషను వసారాలో ఉంది.

"అయ్యగారూ, మా ముసలాయన పాటలు మాకిచ్చేయండి" అన్నాడు బాబాయి. "మీరంతా ఎప్పుడు మారుమనస్సు పొంది ప్రభువును నమ్ముకున్నారు?" అని అయ్యగారు సంబరంగా లేచి నిలబడ్డారు. గంజి మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "దేవుడు మీవాడేనయ్యా, మాకు తగువేం లేదు. దరువు మాత్రం మాది!" అంది. అయ్యగారు వెంటనే కూర్చుని, "సంగీతమంతా మా టీచరమ్మే చూస్తోంది" అంటూ నా వైపు వేలు చూపించారు. నేను ఊరుకుంటానా? పాటకూ గంజికీ సంబంధం ఏమిటని అడిగాను. సైన్సు గురించి మాట్లాడాను. సోమరితనం అనే మాట కూడా వాడినట్టు గుర్తు. మామ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "రేపు పొద్దున వీధిలోకి రా తల్లీ. మా పడుగొకటి ఉంది. నీ సైన్సేదో దానికి చెబుదువుగాని" అంది. తాతయ్య వసారా చివర స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. ఇంటికొచ్చాక అడిగాను, నాదే కదా న్యాయం అని. "చూసిరా అమ్మడూ" అన్నాడు, అంతే. హార్మోనియం మీద అప్పటికే దుప్పటి కప్పి ఉంది. నాలుగు రోజుల నుంచి ఆయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మంచం మీద కూర్చుంటున్నాడని అప్పుడు గమనించాను. మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కానీ ఇరవై ఏళ్లప్పుడు ముల్లు గుచ్చుకున్నా నడక ఆపరు.

శుక్రవారం గంజి పెట్టిన చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని మగ్గాల వీధిలో నిలబడ్డాను. రికార్డు పెట్టమని అయ్యగారికి అప్పజెప్పి వచ్చాను. పడుగు తడిసి మెరుస్తోంది. బాబాయీ, ఆయన తమ్ముడూ కుంచెలు పట్టారు. వెనక ఇంకో రెండు జతలు. హారన్లో ఆర్గన్ లేచింది. చూస్తుండగానే, నా కళ్ల ముందే, ఆరుగురి కాళ్లూ నెమ్మదించాయి! పెళ్లికూతురు మండపానికి వస్తున్నట్టు నడుస్తున్నారు. "కాస్త తొందరగా నడవండి బాబాయ్!" అన్నాను. "నేనేం చెయ్యనమ్మా, కాళ్లు దాని మాటే వింటన్నయ్!" అని ఆయన గోల. "పాట వినకండి!" అని అరిచాను. "చెవులు తీసి ఎక్కడ పెట్టుకోమంటావే?" అని మామ్మ. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ వీధిలో దూదికి కరువా? పరుగున వెళ్లి దూది తెచ్చి ఆరుగురి చెవుల్లోనూ నేనే కుక్కాను. ఇప్పుడెవరికీ పాట వినబడదు. పక్కవాడి అడుగు కూడా వినబడదు. ఎవరి నడక వాళ్లది. బాబాయి ముందుకు పోయాడు, తమ్ముడు వెనకబడ్డాడు, వెనక జతవాళ్లు వచ్చి వాళ్లను గుద్దుకున్నారు. కుంచెలు చిక్కుకున్నాయి. "ఆగరా!" అని ఒకడు అరిస్తే వినబడక ఇంకొకడు "ఏంటీ?" అని ఇంకా గట్టిగా అరిచాడు. ఈలోగా ఎండ మెల్లగా వీధిలోకి దిగుతోంది. గంజి ఆరుతోంది. మామ్మ ముఖంలో నవ్వు పోయింది. అది ఆమె కొడుకు రెండు నెలల పని.

హ్యాండ్‌బ్యాగు ఎక్కడ విసిరానో తెలియదు. వాళ్ల చెవుల్లో దూది లాగేసి, తాతయ్య మొదటి పాట ఎత్తుకున్నాను. ఎన్ని వేలసార్లు విసుక్కుంటూ విన్నానో, ఒక్క మాటా తప్పలేదు. హారన్లో ఆర్గన్‌ను మించి అరిచాను. అయితే భయంలో ఎత్తుకున్న పాట కదా, మామూలు వేగానికి రెండింతలుంది. ఆరుగురూ కుంచెలు పట్టుకుని పరుగు లంకించుకున్నారు! వాళ్లతోపాటు పాడుతూ నేను, నా వెనక గంజి కుండతో మామ్మ, మామ్మ వెనక వీధిలోని పిల్లలూ, కుక్కలూ. బాబాయి మీసాలు రెండు చెవులకూ తగులుతున్నాయి. "నిదానం తల్లో! తెగిపోతయ్!" అని ఆయన కేకలు. నిదానించడం నాకు రావడం లేదు. చివరకు వెళ్లి తిరిగాం. ఊపిరి అందడం లేదు, నవ్వు ఆగడం లేదు, గొంతు కీచుమంటోంది.

అప్పుడు ఆర్గన్ టక్కున ఆగిపోయింది. ఆ వెనకే హారన్లోంచి రెండు చిన్నవీ, ఒక పెద్దదీ, గొంతు సవరింపు.

ఆ వీధి ముఖం అప్పుడు చూడాలి. బాబాయి కుంచె సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. మామ్మ కుండ దించి చేతులు తుడుచుకుంది. హార్మోనియం మొదలైంది, సరిగ్గా నడవాల్సిన వేగంలో, తొందరా లేదు, సాగతీతా లేదు. ఆరుగురి కాళ్లూ ఒకేసారి లేచాయి. మూడు పాటలయ్యేసరికి పడుగు పట్టులా జారుతోంది. మూడో పాట చివరి మాటకు సరిగ్గా కుంచె చివరి గుంజ దగ్గర ఆగింది. నేను అరుగు మీద కూలబడి ఏడ్చాను. ఎందుకో ఎవరూ అడగలేదు. మామ్మ మాత్రం చల్లటి మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది.

గంటగోపురం కింది గదికి పరుగెత్తుకెళ్లాను. తాతయ్య ఇంటినుంచి తెచ్చుకున్న హార్మోనియం ముందు ముక్కాలిపీట మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అయ్యగారు మూలన నా రికార్డు పట్టుకుని, తప్పు చేసినవాడిలా నిలబడ్డారు. "గోపురం మీంచి చూశాను. మరీ అంత పరుగు పెట్టించావేంటే వాళ్లను?" అన్నాడు తాతయ్య. "నీ పాట వాళ్ల అడుగుకు అంత సరిగ్గా ఎలా సరిపోయింది తాతయ్యా?" అని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "సరిపోవడమేంటి అమ్మడూ! ఉపదేశి కాకముందు పదిహేనేళ్లు పడుగు దువ్వాను. ఈ మూడు పాటలూ కుంచె పట్టుకునే కట్టాను. హార్మోనియం తర్వాతెప్పుడో వచ్చింది" అన్నాడు. "మరి నాతో ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు చాలా బాగా మాట్లాడుతున్నావు కదా, మధ్యలో అడ్డమెందుకని" అన్నాడు. నేను ఆయన ఒళ్లో తలపెట్టి తప్పయిపోయిందని చెప్పాను. మధ్యాహ్నం నానమ్మ దగ్గర మిరియాల డబ్బీ తిరిగి తీసుకుని నేనే ఆయన చేతికిచ్చాను. సగం అప్పటికే రసంలోకి వెళ్లిపోయాయి.

తాతయ్య ఆ తర్వాత ఏడేళ్లు పాడాడు. ఆయన వెళ్లిపోయాక ఆ పీట మీద నేను కూర్చున్నాను. మొదటి రోజు పాట ఎత్తుకుంటే వీధిలో ఎవరూ కుంచె ఎత్తలేదట. సంగతి కనుక్కుని, రెండో రోజు నుంచి గొంతులో ఏమీ లేకపోయినా రెండు చిన్నవీ, ఒక పెద్దదీ సవరించాను. అంతా సర్దుకుంది. ఇప్పుడు పడుగులకు గంజి మిల్లులోనే పెట్టేస్తున్నారు. వీధి పొడుగునా మోటారు సైకిళ్లు బారులు తీరి ఉంటున్నాయి. హారన్లూ లేవు. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున్నే ఆ వీధి చివరిదాకా నడిచి వస్తుంటాను. నా కన్నా పెద్దవాళ్లు కూడా నన్ను దాటుకుని పోతారు. నేను మాత్రం ఆ మూడు పాటల వేగంలోనే నడుస్తాను, అంతకన్నా తొందరగా నడవడం ఒక్కసారే చేశాను, చాలు. మా ఇంటి గేటు దాటేముందు అలవాటుగా గొంతు సవరించుకుంటే, పక్కింటి కోడలు పిల్ల రోజూ కిటికీలోంచి అడుగుతుంది, "టీచర్ గారూ, జలుబు ఇంకా తగ్గలేదా?" అని. తగ్గలేదమ్మా అంటాను.